50 అశ్వశక్తి వద్ద ఆగిన బండి: బి.ఎం. బిర్లా జీవితం, అంబాసిడర్ ప్రస్థానం

కోల్‌కతా: హౌరా నుంచి బండేల్ వైపు సాగే లోకల్ రైలు ఉత్తరపాడా దాటిన తరువాత హింద్ మోటర్ అనే స్టేషనులో ఆగుతుంది. సాధారణంగా ఊరి పేరు స్టేషనుకు వస్తుంది. ఇక్కడ మాత్రం ఒక కార్ల కర్మాగారం పేరే స్టేషనుకూ, దాని చుట్టూ వెలసిన పట్టణానికీ స్థిరపడిపోయింది. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో పని నిలిచిపోయింది. స్టేషను పేరు మాత్రం మారలేదు. హుగ్లీ నది పశ్చిమ తీరాన ఆ కర్మాగారాన్ని నెలకొల్పిన పారిశ్రామికవేత్త బ్రజ్‌మోహన్ బిర్లా. ఆయన పేరు తెలియని వారు ఉండవచ్చునేమో గాని, ఆయన చేయించిన అంబాసిడర్ కారును ఎరుగని వారు మన దేశంలో అరుదు.

రెండు మూడు తరాల ప్రజలకు కారు అంటే అంబాసిడరే. జిల్లా కలెక్టరు దిగినది అందులోనే, మంత్రిగారు వచ్చినది అందులోనే, కొత్త పెళ్ళికొడుకు ఊరేగినదీ అందులోనే. కలకత్తా వీధులలో పసుపు రంగు టాక్సీగా తిరిగినదీ అదే. అయితే ఈ బండికి 1959లో అమర్చిన 1489 సి.సి. పెట్రోలు ఇంజను, చిన్న చిన్న మార్పులు తప్ప, మూడు దశాబ్దాలకు పైగా అలాగే కొనసాగింది. దాని సామర్థ్యం సుమారు 50 అశ్వశక్తి. అదే ఇంజను అదే కాలంలో ఇంగ్లండులో మరో కారులో 72 అశ్వశక్తి ఇచ్చింది. తేడా 22 అశ్వశక్తి. ఆ తేడా ఏమైందన్న ప్రశ్నకు జవాబు వెదకబోతే ఒక ఇంజను నిర్మాణంతో పాటు స్వతంత్ర భారత పారిశ్రామిక విధానం, దానిలో ఎదిగి దానిలోనే చిక్కుకున్న ఒక పారిశ్రామికవేత్త జీవితం కూడా కళ్ళ ముందుకు వస్తాయి.

పిలానీ నుంచి కలకత్తాకు

బ్రజ్‌మోహన్ రాజస్థాన్‌లోని షేఖావతీ ప్రాంతానికి చెందిన పిలానీ గ్రామపు మార్వాడీ వర్తక కుటుంబంలో ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో జన్మించారు. తాత శివనారాయణ్ బొంబాయి చేరి పత్తి, నల్లమందు వ్యాపారాలలో గడించారు. తండ్రి బల్‌దేవ్‌దాస్ పందొమ్మిదవ శతాబ్ది చివరలో కలకత్తాలో గద్దె తెరిచారు. ఆయనకు జుగల్ కిశోర్, రామేశ్వర్‌దాస్, ఘనశ్యామ్‌దాస్, బ్రజ్‌మోహన్ అని నలుగురు కుమారులు. గాంధీజీ సన్నిహితుడుగా దేశమంతటా పేరు పొందిన ఘనశ్యామ్‌దాస్‌కు బ్రజ్‌మోహన్ తమ్ముడు, ఆ నలుగురిలో కనిష్ఠుడు.

ఆనాటి కలకత్తాలో జనపనార పరిశ్రమ, బొగ్గు గనులు, తేయాకు తోటలు, నౌకాయానం అన్నీ స్కాట్లండు, ఇంగ్లండు కంపెనీల గుప్పిట్లో ఉండేవి. భారతీయులు దళారులుగా, వడ్డీ వర్తకులుగా ఉండవచ్చు గాని మిల్లు యజమానులుగా ఉండడం ఆ కంపెనీలకు రుచించేది కాదు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బిర్లా సోదరులు ఆ కోటలోకి ప్రవేశించి సొంత జనపనార మిల్లు నెలకొల్పారు. వర్తకుడు ఉత్పత్తిదారుగా మారడమంటే ఏమిటో బ్రజ్‌మోహన్ యౌవనంలోనే దగ్గరనుంచి చూశారు. సరుకు కొని అమ్మేవాడికి ధర తెలిస్తే చాలు. సరుకు తయారుచేసేవాడికి యంత్రం, కూలీ, బొగ్గు, రైలు పెట్టె, ప్రభుత్వ ఉత్తర్వు అన్నీ తెలియాలి. ఈ పాఠం ఆయనకు జీవితాంతం పనికివచ్చింది.

యుద్ధకాలంలో సాహసం

మన దేశంలో కార్ల పరిశ్రమ కావాలని 1930 దశకంలోనే గట్టిగా వాదించినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. మూసీ వరదల అనంతరం హైదరాబాదు నగర రక్షణకు పథకం రచించిన ఆ ఇంజనీరు తెలుగువారికి చిరపరిచితుడే. బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ కూడా ఆ దిశగా కృషి చేశారు. ఆనాటి బ్రిటిష్ ప్రభుత్వం నుంచి వారికి లభించిన ప్రోత్సాహం శూన్యం. విదేశీ కంపెనీలు విడిభాగాలను పెట్టెలలో తెచ్చి ఇక్కడ బిగించి అమ్ముకుంటుండగా దేశీయ తయారీ అవసరమేమిటన్నది పాలకుల ధోరణి.

ఈ పరిస్థితులలో, రెండవ ప్రపంచ యుద్ధం ముమ్మరంగా సాగుతున్న 1942 ఫిబ్రవరిలో బ్రజ్‌మోహన్ బిర్లా హిందుస్థాన్ మోటార్స్‌ను స్థాపించారు. అప్పటికి జపాను సేనలు ఆగ్నేయాసియాను ఆక్రమిస్తున్నాయి. కలకత్తాపై బాంబులు పడతాయన్న భయంతో నగరవాసులు తరలిపోతున్నారు. అటువంటి సమయంలో కార్ల కంపెనీని రిజిస్టరు చేయడం సాహసమే. మొదట గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో ఒక చిన్న బిగింపు కేంద్రం నడిపారు. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి సంవత్సరం, 1948లో, కార్యకలాపాలను కలకత్తాకు చేరువలోని ఉత్తరపాడాకు తరలించారు. ఇంగ్లండులోని మోరిస్ కంపెనీతో కుదిరిన ఒప్పందం మేరకు మోరిస్ టెన్ నమూనా హిందుస్థాన్ టెన్‌గా, మోరిస్ మైనర్ నమూనా బేబీ హిందుస్థాన్‌గా ఇక్కడి రోడ్లపైకి వచ్చాయి.

ఉత్తరపాడా కేవలం బిగింపు కేంద్రంగా మిగిలిపోలేదు. అక్కడ పోతపోసే ఫౌండ్రీ, సమ్మెట పనుల ఫోర్జింగ్ విభాగం, రేకులు వంచే ప్రెస్సులు, ఇంజను భాగాలు చెక్కే యంత్రశాల ఒక్కొక్కటిగా వెలిశాయి. దేశంలో విడిభాగాల పరిశ్రమ లేని రోజులవి. ఈనాడు కార్ల కంపెనీ వందలాది సరఫరాదారులనుంచి భాగాలు కొని బిగించుకుంటుంది. ఆనాడు చాలా భాగాలను కంపెనీయే స్వయంగా చేసుకోవలసి వచ్చింది. ఇంజనుకు కావలసిన సిలిండరు దిమ్మెను దేశీయంగా పోతపోసి, చెక్కి, పరీక్షించి నిలబెట్టగలగడం అప్పటికి చిన్న విజయం కాదు.

1953లో టారిఫ్ కమిషన్ సిఫారసులు ఈ పరిశ్రమ దశను మార్చివేశాయి. దేశంలో దశలవారీగా పూర్తి తయారీకి సిద్ధపడిన కంపెనీలకే స్థానం ఉంటుందని కేంద్ర ప్రభుత్వం తేల్చడంతో ఫోర్డు, జనరల్ మోటార్స్ మన దేశంలో తమ బిగింపు కేంద్రాలను మూసుకుని వెళ్ళిపోయాయి. కార్ల రంగంలో ప్రధానంగా మూడు కంపెనీలు మిగిలాయి. అవి కలకత్తాలో హిందుస్థాన్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. 1954లో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ రెండవ శ్రేణి ఆధారంగా లాండ్‌మాస్టర్, 1957-58లో మూడవ శ్రేణి ఆధారంగా అంబాసిడర్ ఉత్తరపాడా నుంచి వెలువడ్డాయి.

ఇంజను శ్వాసించే తీరు

అశ్వశక్తి లెక్కలోకి వెళ్ళేముందు ఇంజను ఎలా శక్తి ఇస్తుందో క్లుప్తంగా తెలుసుకోవాలి. పెట్రోలు మండడానికి గాలి కావాలి. ఒక కిలో పెట్రోలు సక్రమంగా మండడానికి దాదాపు 15 కిలోల గాలి అవసరం. అందుచేత ఇంజను శక్తి అది పీల్చుకోగల గాలి పరిమాణంపై ఆధారపడి ఉంటుంది. టర్బో వంటి పంపుతో గాలిని బలవంతంగా నెట్టే ఇంజన్లు వేరు. అంబాసిడర్ ఇంజను సహజ శ్వాస ఇంజను. పిస్టన్ కిందికి దిగినపుడు ఏర్పడే ఖాళీలోకి వాతావరణ పీడనమే గాలిని తోస్తుంది. అటువంటి ఇంజను నుంచి ఎక్కువ శక్తి రాబట్టడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. గాలి వచ్చే దారిని సుగమం చేయడం ఒకటి. లోపలికి వచ్చిన గాలిని మరింత బిగువుగా కుదించి మండించడం రెండవది. ఇంజనును మరింత వేగంగా తిప్పి నిమిషానికి ఎక్కువసార్లు శ్వాసింపజేయడం మూడవది.

మొదటి మార్గానికి ఉత్తరపాడాయే చక్కని నిదర్శనం. లాండ్‌మాస్టర్‌లోనూ, తొలి అంబాసిడర్లలోనూ ఉన్నది 1476 సి.సి. పక్క వాల్వుల ఇంజను. అందులో వాల్వులు సిలిండరు పక్కన ఉంటాయి. గాలి పక్కనుంచి పైకి లేచి, వంపు తిరిగి సిలిండరులోకి దిగాలి. మంట మండే గది కూడా వెడల్పుగా, పలచగా ఉండడంతో కుదింపు పెంచడం కష్టం. దాని సామర్థ్యం 41 అశ్వశక్తి. 1959లో దాని స్థానంలో బ్రిటిష్ మోటర్ కార్పొరేషన్‌వారి 1489 సి.సి. ఇంజను వచ్చింది. ఇందులో వాల్వులు సిలిండరు నెత్తిన ఉంటాయి. గాలి నేరుగా పిస్టన్ మీదికి దిగుతుంది. పరిమాణంలో పెరిగినది 13 సి.సి. మాత్రమే. శక్తి మాత్రం 50 దాటిందని, 55 వరకు ఉందని ప్రకటించారు. ఇంజను పెద్దది కాకుండానే, కేవలం శ్వాస మార్గం సరిచేసినందువల్ల కనీసం అయిదోవంతు శక్తి అదనంగా లభించిందన్నమాట.

అదే ఇంజను 1955లో ఇంగ్లండులో విడుదలైన ఎం.జి.ఎ. అనే రెండు సీట్ల కారులో మొదట 68, తరువాత 72 అశ్వశక్తి ఇచ్చింది. దిమ్మె అదే, 1489 సి.సి. అదే. కాని ఒక కార్బురేటరుకు బదులు రెండు అమర్చారు. కుదింపు నిష్పత్తి 8.3కు పెంచారు. నిమిషానికి 5500 చుట్లు తిరిగేలా తీర్చిదిద్దారు. లెక్క వేసి చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. నాలుగు ఘాతాల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన పూర్తి పరిమాణం మేరకు గాలి పీలుస్తుంది. అంబాసిడర్ తన గరిష్ఠ శక్తినిచ్చే 4200 చుట్ల వద్ద నిమిషానికి పీల్చగల గాలి సుమారు 3100 లీటర్లు. ఎం.జి.ఎ. 5500 చుట్ల వద్ద పీల్చగలది సుమారు 4100 లీటర్లు. అదనపు గాలి, అదనపు కుదింపు కలిసి 22 అశ్వశక్తిగా మారాయి. ఇందులో ఉత్తరపాడా ఇంజనీర్లకు అందని రహస్యమేదీ లేదు. హెడ్డును కొద్దిగా చెక్కి కుదింపు పెంచడం, గాలి దారులను నునుపు చేయడం, కామ్‌షాఫ్టు మార్చడం మోటారు పందేల మోజు ఉన్నవారందరికీ తెలిసిన కిటుకులే.

మరి ఆ పని ఎందుకు జరగలేదు? తొలి సంవత్సరాల వరకు సమాధానం బ్రజ్‌మోహన్ పక్షానే ఉంది. ఆనాడు మన పెట్రోలు బంకులలో దొరికిన ఇంధనం ఆక్టేన్ తక్కువది. కుదింపు పెంచితే పెట్రోలు వేళకు ముందే భగ్గుమని ఇంజను టకటకమని కొట్టుకుంటుంది, పిస్టన్లు దెబ్బతింటాయి. ఎక్కువ చుట్ల వద్ద శక్తినిచ్చేలా మలచిన ఇంజను తక్కువ వేగంలో లాగలేక సతమతమవుతుంది. ఆరేడుగురిని, నెత్తిన సామానును మోస్తూ గతుకుల రోడ్డుపై రెండో గేరులో నడవవలసిన బండికి తక్కువ చుట్లలోనే బిగువుగా లాగే గుణం ప్రధానం. తాలూకా కేంద్రంలోని మెకానిక్కు కూడా చెట్టు కింద విప్పి బిగించగలిగేలా ఉండాలి. రెండు కార్బురేటర్లను సరితూగేలా నిలబెట్టడం అందరికీ చేతనైన పని కాదు. ఈ కోణంలో 50 అశ్వశక్తి బుద్ధిపూర్వకమైన ఎంపిక అని ఒప్పుకోవలసిందే. 1959లో సమంజసమైన ఆ ఎంపిక 1969లోనూ, 1979లోనూ మారకుండా నిలిచిపోవడమే అసలు సమస్య.

గుండ్రంగా తిరిగిన మరో ఇంజను

అంబాసిడర్ రూపుదిద్దుకుంటున్న 1957లోనే జర్మనీలో మరో ఇంజను ఊపిరి పోసుకుంది. ఫెలిక్స్ వాంకెల్ అనే ఇంజనీరు ఆలోచన మేరకు ఎన్.ఎస్.యు. కంపెనీ తయారుచేసిన రోటరీ ఇంజనులో పైకీ కిందికీ ఆడే పిస్టన్లు లేవు, వాల్వులూ లేవు. మూడు మూలల రోటరు ఒకటి గుండ్రంగా తిరుగుతూ గాలిని పీల్చి, కుదించి, మండించి, విడుస్తుంది. ఆ కంపెనీ 1964లో విడుదల చేసిన స్పైడర్ కారులో 498 సి.సి. రోటరీ ఇంజను ఇచ్చినది 50 అశ్వశక్తి. అంటే పేరుకు మూడోవంతు పరిమాణంతో అంబాసిడర్‌కు సమానమైన శక్తి. అయితే ఈ పోలికలో ఒక మెలిక ఉంది. రోటరీ ఇంజను ప్రతి చుట్టుకూ తన పరిమాణం మేరకు గాలి పీలుస్తుంది. మామూలు ఇంజను రెండు చుట్లకు ఒకసారి పీలుస్తుంది. కాబట్టి 498 సి.సి. రోటరీని దాదాపు వెయ్యి సి.సి. ఇంజనుతో పోల్చడమే న్యాయం. అప్పటికీ అది అంబాసిడర్ కంటె మెరుగే.

రోటరీలో వాల్వులకు బదులు గోడలలో రంధ్రాలుంటాయి. ఆ రంధ్రాలు ఎంత వెడల్పు, ఎప్పుడు తెరుచుకుంటాయి, ఎప్పుడు మూసుకుంటాయి అన్నదే దాని శక్తిని నిర్ణయిస్తుంది. టర్బో లేకుండా రోటరీ కారు శక్తి పెంచాలనుకునేవారు ముందుగా చేయి పెట్టేదీ ఆ రంధ్రాల మీదనే. రంధ్రం పెద్దదైతే ఎక్కువ చుట్ల వద్ద శక్తి పెరుగుతుంది, తక్కువ వేగంలో ఇంజను కుంటుతుంది. జపానుకు చెందిన మాజ్దా కంపెనీ ఈ చిక్కును దశాబ్దాల పాటు విడవకుండా శోధించింది. 2003లో వచ్చిన ఆర్.ఎక్స్. 8 కారులో చుట్ల వేగాన్ని బట్టి ఒక్కొక్క రోటరుకు మూడు రంధ్రాలు ఒకదాని వెంట ఒకటి తెరుచుకునే ఏర్పాటు చేసి, పొగ వెళ్ళే రంధ్రాలను పక్క గోడలోకి మార్చి, 1308 సి.సి. నుంచి సహజ శ్వాసతోనే 250 అశ్వశక్తి రాబట్టింది. 8500 చుట్ల వద్ద ఆ ఇంజను నిమిషానికి పీల్చే గాలి 11 వేల లీటర్లకు పైమాటే.

భారతీయ కార్ల తయారీదారులెవరూ ఆ బాట పట్టలేదు. పట్టకపోవడమే మంచిదైంది కూడా. రోటరు మూలల వద్ద ఉండే బిగింపు పట్టీలు తొందరగా అరిగిపోయేవి. పెట్రోలు వాడకం ఎక్కువ. ఎన్.ఎస్.యు. 1967లో విడుదల చేసిన రో 80 కారు మరమ్మతుల భారమే ఆ కంపెనీని కుంగదీసింది. 1969లో అది స్వతంత్రతను కోల్పోయింది. 1973 చమురు సంక్షోభం తరువాత రోటరీకి గిరాకీ మరింత పడిపోయింది. విదేశీ మారకం కోసం కటకటలాడుతున్న మన దేశానికి అటువంటి ఇంజను తగదు. అయినా ఇక్కడ గమనించదగిన తేడా ఒకటుంది. మాజ్దా ఎంచుకున్న దారి దుర్గమమైనది. ఆ కంపెనీ ఇంజనీర్లు అపజయాల నడుమ కూడా ప్రయోగశాలను మూయలేదు. ఉత్తరపాడా ముందున్నది సులభమైన దారి. ఎం.జి.ఎ. రూపంలో రుజువైన దారి. ఆ దారిలో నడవవలసిన అగత్యమే ఎవరూ కల్పించలేదు.

లైసెన్సు నీడలో

అగత్యం ఎందుకు కలగలేదన్నది ఆర్థిక ప్రశ్న. ఏ కంపెనీ ఎన్ని కార్లు చేయాలో ఢిల్లీలో నిర్ణయమయ్యేది. కొత్త కంపెనీకి ప్రవేశం లేదు. విదేశీ కార్ల దిగుమతికి తలుపులు మూసి ఉన్నాయి. యంత్రాలు దిగుమతి చేసుకోవాలంటే అనుమతి, విస్తరణకు అనుమతి, సాంకేతిక ఒప్పందానికి అనుమతి. అంబాసిడర్ కోసం డబ్బు కట్టినవారు ఏళ్ళ తరబడి వేచి ఉండేవారు. చేసిన ప్రతి బండీ అమ్ముడుపోతుంటే దానిని మెరుగుపరచడానికి ఖర్చు చేసే వర్తకుడు ఎక్కడా ఉండడు. పైగా 1969లో కేంద్ర ప్రభుత్వం కార్ల అమ్మకం ధరలను కూడా తానే నిర్ణయించింది. తయారీదారులు సుప్రీంకోర్టును ఆశ్రయించారు. ఇంజను మెరుగుపరచడానికి పెట్టిన రూపాయి అధిక ధర రూపంలోనూ, అధిక అమ్మకాల రూపంలోనూ తిరిగి రాని స్థితి అది.

అయితే బిర్లాలు ఈ విధానానికి కేవలం బలిపశువులని చెప్పడం కూడా సత్యం కాదు. 1960 దశకం మధ్యలో ప్రణాళికా సంఘం కోసం ఆర్.కె. హజారీ సమర్పించిన నివేదిక, బిర్లా సంస్థలు అవసరానికి మించి లైసెన్సులు సంపాదించి పోటీదారులకు అవకాశం లేకుండా చేశాయని విమర్శించింది. ఆ నివేదిక పార్లమెంటులో దుమారం రేపింది. 1969లో గుత్త వ్యాపారాల నియంత్రణ చట్టం వచ్చింది. మరుసటి సంవత్సరం బిర్లా సంస్థల వ్యవహారాలపై సర్కార్ కమిషన్ ఏర్పాటైంది. లైసెన్సు విధానం వారికి సంకెల కావడం ఎంత నిజమో, కోటగోడ కావడం కూడా అంతే నిజం. బయటివారిని లోనికి రానీయని గోడ లోపలివారిని బద్ధకస్తులను చేసింది. మారిస్తే అంబాసిడర్ ముందు జాలీ, లాంతరు, డాష్‌బోర్డు మారాయి. 1960 దశకం తొలినాళ్ళలో మార్క్ 2, 1970 దశకం మధ్యలో మార్క్ 3 అని పేర్లు మారాయి. బానెట్టు కింద శ్వాస మాత్రం మారలేదు.

ఇదే కాలంలో పశ్చిమ బెంగాల్ పారిశ్రామికంగా అల్లకల్లోలమైంది. 1967 తరువాత ఘెరావులు, సమ్మెలు, లాకౌట్లు నిత్యకృత్యాలయ్యాయి. పెట్టుబడులు ఇతర రాష్ట్రాలకు తరలిపోసాగాయి. ఉత్తరపాడా వంటి భారీ కర్మాగారాన్ని అక్కడ నిలబెట్టి ఉంచడమే యాజమాన్యానికీ, కార్మికులకూ పరీక్షగా మారింది. తండ్రి తరువాత కొడుకు అదే షాపులో చేరిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. బండి మారకపోవడం వల్ల ఆ కార్మికుల నైపుణ్యం కూడా ఒకే ఇంజను చుట్టూ గడ్డకట్టిపోయింది. దాని ఫలితం వారి తరువాతి తరం అనుభవించవలసి వచ్చింది.

చదువులు, నక్షత్రశాల

బ్రజ్‌మోహన్ జీవితంలో మరో పార్శ్వం విద్య, విజ్ఞాన రంగాలు. 1955లో రాంచీ సమీపంలోని మేస్రాలో ఆయన బిర్లా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీని స్థాపించారు. మన దేశంలో అంతరిక్ష ఇంజనీరింగు, రాకెట్ల శాస్త్రానికి ప్రత్యేక విభాగం తొలిసారిగా నెలకొన్నది అక్కడే, 1964లో. ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆయన స్థాపించిన కళాశాలలో విద్యార్థులు రాకెట్టు ఇంజన్ల గురించి చదువుతున్న కాలంలో ఆయన కర్మాగారంలో కారు ఇంజను 1959 నాటి స్థితిలోనే ఉంది. తెలివితేటలకు కొరత లేదనడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఆ తెలివిని కర్మాగారానికి రప్పించే అవసరం మార్కెట్టులో లేకపోయింది.

తెలుగువారికి ఆయన పేరు మరో విధంగా పరిచయం. హైదరాబాదులో నౌబత్ పహాడ్ మీద వెలసిన విజ్ఞాన కేంద్రానికి బి.ఎం. బిర్లా పేరే పెట్టారు. అక్కడి నక్షత్రశాలను 1985లో నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించారు. వేసవి సెలవులలో అక్కడ చీకటి గదిలో తల పైకెత్తి నక్షత్రాలను చూసిన తెలుగు పిల్లలు ఎందరో. కలకత్తాలో ఆయన పేరిట హృద్రోగ పరిశోధన కేంద్రం కూడా వెలసింది. ఇవి రెండూ ఆయన మరణానంతరం రూపుదిద్దుకున్నవి.

పోటీ వచ్చిన తరువాత

బ్రజ్‌మోహన్ బిర్లా 1982లో కన్నుమూశారు. ఆ మరుసటి సంవత్సరం రెండు ఘటనలు జరిగాయి. జూన్‌లో అన్న ఘనశ్యామ్‌దాస్ మరణించారు. డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. 796 సి.సి. మారుతి ఇంజను 39 అశ్వశక్తి ఇచ్చింది. లీటరు పరిమాణానికి లెక్క వేస్తే అది సుమారు 49 అశ్వశక్తి. అంబాసిడర్ లెక్క 34 మించదు. ఏ కారు ఎంత కాలం వెనుక ఉన్నదో కొనుగోలుదారుకు ఒక్కరోజులో తెలిసిపోయింది. పెద్దాయన చూడకుండానే పోయిన పోటీ వారసుల ముంగిట నిలిచింది.

అపుడు గాని ఉత్తరపాడా కదలలేదు. 1984లో కొత్త ఆకృతితో కాంటెస్సా వచ్చింది గాని, ఆ బరువైన బండికి మొదట పెట్టినది కూడా పాత 50 అశ్వశక్తి ఇంజనే. అది చాలదని తేలాక జపానుకు చెందిన ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజనును తెచ్చారు. 1990 దశకం తొలినాళ్ళలో అంబాసిడర్‌కు కూడా ఆ ఇంజను అమర్చడంతో దాని సామర్థ్యం 75 అశ్వశక్తికి చేరింది. అయిదు గేర్లు వచ్చాయి. పాత బండి కొత్త జవసత్వాలతో పరుగెత్తింది. కాని 1950 దశకంలోనే 72 ఇచ్చిన ఇంజను కుటుంబానికి చెందిన కారు 75కు చేరడానికి మూడున్నర దశాబ్దాలు పట్టింది. అది కూడా అరువు ఇంజనుతో. అప్పటికి ఆర్థిక సంస్కరణలు ప్రారంభమై విదేశీ కంపెనీలు మళ్ళీ తలుపు తట్టాయి. 1980 దశకంలో ఏడాదికి 24 వేల వరకు సాగిన అంబాసిడర్ అమ్మకాలు క్రమేపీ క్షీణించి చివరి ఆర్థిక సంవత్సరంలో రెండున్నర వేల లోపుకు దిగజారాయి. 2014 మే నెలలో పని నిలిపివేసినప్పుడు రెండు వేల మందికి పైగా కార్మికులు వీధిన పడ్డారు. 2017లో అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్సుకు చెందిన ప్యూజో కంపెనీకి 80 కోట్ల రూపాయలకు అమ్మివేశారు.

ఈ జీవితాన్ని తూచవలసి వచ్చినపుడు రెండు పళ్ళాలూ చూడాలి. సూది కూడా దిగుమతి చేసుకునే దేశంలో కారు ఇంజనును పోతపోసి, చెక్కి, నడిపించి, వేలాది కుటుంబాలకు అన్నం పెట్టిన ఘనత బ్రజ్‌మోహన్‌ది. ఆయన, ఆయన వంటివారు వేసిన పునాది మీదనే తరువాతి విడిభాగాల పరిశ్రమ లేచింది. రెండవ పళ్ళెంలో అందిరాని 22 అశ్వశక్తి ఉంది. అది ఉక్కు కొరతవల్ల, ఇంజనీర్ల కొరతవల్ల పోయినది కాదు. కొనేవాడికి మరో దారి లేకపోవడంవల్ల పోయింది. రక్షణ పొందిన పరిశ్రమ ఆ రక్షణ కాలంలో ఏమి నేర్చుకుందన్న ప్రశ్న ప్రభుత్వమూ అడగలేదు, యాజమాన్యమూ వేసుకోలేదు. దేశీయ పరిశ్రమలకు సుంకాల రక్షణ, ప్రోత్సాహకాలు కావాలన్న వాదన ఈనాడు విద్యుత్ వాహనాలు, బ్యాటరీలు, చిప్పుల విషయంలో మళ్ళీ వినవస్తున్నది. ఆ వాదనలో న్యాయం లేకపోలేదు. అయితే ఇచ్చే రక్షణకు గడువు, ఆ గడువులోగా సాధించవలసిన లక్ష్యం రెండూ ముందుగా నిర్ణయించాలి. ఆ పని జరగనిచోట ఏమవుతుందో హింద్ మోటర్ స్టేషనులో దిగి, కర్మాగారం గేటు వరకు నడిచి వెళ్ళినవారికి ఎవరూ చెప్పనవసరం లేదు.